రాసుడైంది, చేసుడెప్పుడు?

నాకో జబ్బుంది. పొద్దున్నే ఆఫీసులో సిస్టం ఆన్ చెయ్యగానే, మెయిల్ కూడా తెరవకుండా, ముందు ఆరోజు చెయ్యాల్సిన పనుల చిట్టా రాసుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్పైరల్ నోటుబుక్కు, తర్వాత ఎక్సెల్ షీటు, ఆ తర్వాత ఫోన్లో ఏవేవో యాప్‌లు. పరికరాలు మారాయి గానీ జబ్బు తగ్గలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చిట్టా రాసిన రోజు పని నిజంగానే బాగా సాగుతుంది. రాయని రోజు సాయంత్రం ఆరింటికి "ఇంతకీ పొద్దుట్నుంచీ ఏం చేశాను?" అని బుర్ర గోక్కోవడమే.

మొన్నామధ్య పాత చిట్టాలు తిరగేస్తుంటే ఒక పని కంటబడింది: "భువనగిరి - పాస్‌బుక్కు". మా నాయిన పేరు మీదున్న రెండెకరాల చెలక పాస్‌బుక్కులో ఆయన పేరు ఒక అక్షరం తప్పు పడింది. దిద్దించాలి, అంతే పని. వెనక్కి చూసుకుంటూ పోతే దాన్ని మొదట రాసుకున్నది ఏడు నెలల కింద! ప్రతి సోమవారం ఎంతో శ్రద్ధగా కొత్త వారం చిట్టాలోకి దించుకుంటూ వస్తున్నా. ఫోన్లో నాయినతో "మర్చిపోలే నాయినా, రాసుకున్న" అన్నాను. ఆయన నవ్వి "రాసుడైంది కొడుకా, చేసుడెప్పుడు?" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. దాంతోపాటే మా భువనగిరి పక్కనున్న పోచంపల్లి గుర్తొచ్చింది. పోచంపల్లి అనగానే మీకు చీరలు గుర్తొస్తాయి, నాకు మాత్రం ఈమధ్య చిట్టాలు గుర్తొస్తున్నాయి. ఎందుకో చెప్తాను.

1951 ఏప్రిల్. మా నల్లగొండ జిల్లా అప్పటికే మామూలు జిల్లా కాదు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది భువనగిరిలోనే. 1946 నుంచి సాయుధ పోరాటం. 1948లో నిజాం పాలన పోయినా భూమి గొడవ మాత్రం తీరలేదు. అలాంటి సమయంలో వినోబా భావే వార్ధా దగ్గరి తన ఆశ్రమం నుంచి సుమారు 300 మైళ్ళు నడిచి, హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అది అయ్యాక తెలంగాణ పల్లెల్లోకి బయల్దేరి, ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు.

ఆయన రోజువారీ చిట్టా చాలా చిన్నది. తెల్లవారకముందే లేవడం, నడక, ఊరు చేరడం, ఊరివాళ్ళు చెప్పేది వినడం, సాయంత్రం ప్రార్థన సభ. మర్నాడు మళ్ళీ అదే. పోచంపల్లిలో భూమి సంపాదించడమనేది ఆ చిట్టాలో లేనే లేదు. కానీ 'వినడం' అనే పనికి చోటుంది. కథంతా ఆ చోటులోనే జరిగింది.

దళితవాడకి వెళ్ళి, మీకేం కావాలని అడిగారు. వాళ్ళు "మమ్మల్ని ఆదుకోండి" అని ఊరుకోలేదు. లెక్క చెప్పారు. 40 కుటుంబాలం, 80 ఎకరాలు చాలు, 40 మాగాణి, 40 మెట్ట (మా దగ్గర తరి, ఖుష్కి అంటారు). మన క్లయింట్లలో ఒక్కడైనా ఇంత స్పష్టంగా రిక్వైర్‌మెంట్ చెప్తాడా!

వినోబా మొదట ఏమన్నారో తెలుసా? అర్జీ రాసివ్వండి, ప్రభుత్వానికి పంపిస్తాను అన్నారు. అంటే మన భాషలో, టికెట్ తెరిచి ఇంకో టీముకి అసైన్ చేశారు. మనలో చాలామంది అక్కడితో ఆగిపోయి "నా వైపు నుంచి అయిపోయింది" అనుకుంటాం. ఆయన ఆగలేదు. ప్రభుత్వం సంగతి సరే, ఇక్కడున్నవాళ్ళలో ఎవరైనా ఇవ్వగలరా అని అక్కడే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. సాయంత్రం ప్రార్థన సభలో, ఊరంతా వింటుండగా అదే మాట మళ్ళీ చెప్పాడు. భూదానోద్యమం అలా పుట్టింది. (ఆ దానం వెనక ఆయన మంచితనంతోపాటు, అంతకుముందు అయిదేళ్ళ పోరాటం పుట్టించిన వేడి కూడా ఉంది. రెండోదాన్ని మర్చిపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.)

గమనించండి. అడిగేవాళ్ళెవరో తెలుసు, ఎంత కావాలో తెలుసు, ఇచ్చేవాడు ఎదురుగా నిలబడ్డాడు, సాక్షిగా ఊరుంది. ఇంతకంటే మంచి చిట్టా ఉంటుందా?

ఆ తర్వాతే అసలు చిక్కు. పోచంపల్లిలో జరిగింది వేరే ఊళ్ళలో ఎందుకు జరగదు? మర్నాటి నుంచీ ఆయన ప్రతి ఊళ్ళో అడగడం మొదలుపెట్టారు. తెలంగాణలో 51 రోజుల్లో 12,201 ఎకరాలు వచ్చాయి. 1952లో లక్ష్యం రెండేళ్ళలో 25 లక్షల ఎకరాలయింది. ఆ తర్వాత, దేశంలో సాగుభూమి 30 కోట్ల ఎకరాలు, అందులో ఆరోవంతు ఇవ్వండి అనే లెక్క మీద, 1957 నాటికి 5 కోట్ల ఎకరాలు అన్నారు.

చివరికి తేలిందేమిటి? దానపత్రాల మీద లెక్క 40 లక్షల ఎకరాలు దాటింది. ఒక ముసలాయన కాలినడకన తిరిగి అడిగితే అంత రావడం ప్రపంచ చరిత్రలో చిన్న సంగతేం కాదు. కానీ లక్ష్యంలో అది పదోవంతు కూడా కాదు. ఆ వచ్చిన దాంట్లో కూడా లక్షల ఎకరాలు పంచకుండానే మిగిలిపోయాయి. కొంత రాళ్ళ నేల. కొంత కోర్టు తగాదాల్లో ఉన్నది. కొంత ఇచ్చినవాడి పేరు మీదే లేదు. కొంత వారసులు ఒప్పుకోలేదు. దానపత్రం మీద సంతకం ఒక్క సాయంత్రం పని. సర్వే చేసి, హద్దులు పెట్టి, పట్టా చేయించి, దున్నడానికి ఎద్దులిప్పించి పేదవాడిని అందులో నిలబెట్టడం ఏళ్ళ పని. మొదటిదానికి చప్పట్లున్నాయి, పేపర్లో లెక్కలున్నాయి. రెండోదానికి ఏవీ లేవు. మన రాష్ట్రంలో 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది, బోర్డూ నడిచింది. అయినా భూదాన భూముల మీద కేసులు మాత్రం ఆగలేదు.

వినోబాని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఏడు నెలలు పాస్‌బుక్కుని మోసినవాడికి ఆ అర్హత లేదు! నేనంటున్నది చిట్టా గురించి. అది మనకొక హాయినిస్తుంది. ఆ హాయి ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా మానసిక శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. సగంలో ఆపిన పనులే మనసులో ఎక్కువగా మెదులుతాయని బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించింది. 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు ఇంకో మెలిక చూపించారు. పని పూర్తి చెయ్యక్కర్లేదు, ఎలా చెయ్యాలో కచ్చితంగా ఒక ప్లాను వేసుకున్నా చాలు, ఆ మెదలడం తగ్గిపోతుందట.

ఇది వరమే. పది పనులు బుర్రలో గోల చేస్తుంటే ఒక్కదాని మీద కోడ్ రాయలేం కదా, చిట్టా ఆ గోలని కాగితం మీదికి దించుతుంది. కానీ అదే వరం శాపం కూడా. గోల ఆగిపోయింది కాబట్టి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. దానపత్రం చేతికి రాగానే భూమి పంచేసినట్టు అనిపించడం, కోడ్ చెకిన్ చెయ్యగానే ఫీచర్ యూజర్ చేతికి చేరినట్టు అనిపించడం, "రాసుకున్న నాయినా" అనగానే నా బాధ్యత తీరినట్టు అనిపించడం, మూడూ ఒకటే.

అందుకని ఈమధ్య నా చిట్టా పద్ధతి మార్చాను. పెద్ద సిద్ధాంతమేం కాదు. రోజుకి అయిదే పనులు. ప్రతిదానికీ ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అని రాస్తాను ("పాస్‌బుక్కు" అనేది పని కాదు, వస్తువు పేరు!). ఆ పని చివరికి ఎవరి చేతికి చేరాలో పక్కన రాస్తాను. చేరేదాకా కొట్టెయ్యను. ఒక గంట ఖాళీగా వదుల్తాను, వినడానికి. మూడోసారి కూడా మర్నాటికి దించుకోవాల్సి వస్తే, చేస్తానా చెయ్యనా అని తేల్చుకుని, చెయ్యకపోతే ఆ మాట అవతలివాళ్ళకి చెప్పేస్తాను. అన్నిటికంటే కష్టం ఇదే.

మొన్న గురువారం "పది గంటలకి, నాయినతో, ఆఫీసుకి" అని రాసుకుని భువనగిరి వెళ్ళాను. తీరా వెళ్తే నేను తేవాల్సిన కాగితాల్లో ఒకటి హైదరాబాదులోనే మర్చిపోయాను. తప్పు నాదే. గుట్ట కింద హోటల్లో టీ తాగుతూ "ఇయ్యాల కాలే నాయినా" అన్నాను. "వచ్చినవ్ గదా, అయితది తియ్" అన్నాడు.

మళ్ళీ వచ్చే గురువారం వెళ్తున్నా. ఆ పని ఇంకా కొట్టెయ్యలేదు. తన పేరు సరిగ్గా ఉన్న పాస్‌బుక్కు మా నాయిన చేతిలో పడ్డరోజు కొట్టేస్తాను.