రేడియో ప్రసార పౌనఃపున్యం

రేడియో ప్రసార పౌనఃపున్యం అనగా ఒక ప్రసార కేంద్రం వెలువరించే విద్యుదయస్కాంత తరంగం ఒక సెకనులో చేసే కంపనాల సంఖ్య. దీనిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. సెకనుకు ఒక కంపనం ఒక హెర్ట్జ్. వెయ్యి హెర్ట్జ్‌లు ఒక కిలోహెర్ట్జ్, పది లక్షలు ఒక మెగాహెర్ట్జ్.

ప్రమాణాలు

రేడియో తరంగాలను 1880వ దశకంలో ప్రయోగశాలలో నిరూపించిన జర్మన్ శాస్త్రవేత్త హైన్రిచ్ హెర్ట్జ్ పేరును ఈ ప్రమాణానికి పెట్టారు. 1960లో ఇది అంతర్జాతీయ ప్రమాణ వ్యవస్థలో చేరింది. అంతకు పూర్వం కిలోసైకిళ్ళు అనేవారు. పాత రేడియో పెట్టెల ముళ్ళపలకపై మీటర్లు కూడా కనిపిస్తాయి. అవి పౌనఃపున్యం కాదు, తరంగదైర్ఘ్యం. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్‌లకు ఇది 358.4 మీటర్లు. ఒకటి పెరిగితే రెండవది తగ్గుతుందన్న సంగతి విద్యార్థులు తరచు తారుమారు చేస్తుంటారు.

మీడియం వేవ్, ఎఫ్.ఎం.

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమైంది. దాని మీడియం వేవ్ పౌనఃపున్యం 927 కిలోహెర్ట్జ్, ఎఫ్.ఎం. రెయిన్‌బో పౌనఃపున్యం 102 మెగాహెర్ట్జ్. మొదటి దాని తరంగదైర్ఘ్యం సుమారు 324 మీటర్లు, రెండవ దానిది మూడు మీటర్లకు కొంచెం తక్కువ. 738 (హైదరాబాదు), 837, 927 మూడూ 9తో నిశ్శేషంగా భాగింపబడతాయి. 1975 జెనీవా ఒప్పందం ప్రకారం 1978 నుండి మన ప్రాంతంలో మీడియం వేవ్ కేంద్రాల మధ్య 9 కిలోహెర్ట్జ్‌ల ఎడం పాటించడమే దీనికి కారణం. ఈ ఇరుకు ఎడం వలననే మీడియం వేవ్‌లో సంగీతం ఎఫ్.ఎం.లో వలె స్వచ్ఛంగా వినిపించదు.

నర్సీపట్నం పరిసరాలలో

ప్రస్తుత అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం విశాఖపట్నానికి పడమర దిక్కున, తూర్పు కనుమల పాదాన ఉంది. చింతపల్లి మన్యానికి వెళ్ళే దారి ఇక్కడి నుండే. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి కనుక కొండల చాటున బలహీనమవుతాయి. పొడవైన మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని, కొండలను చుట్టి కొంతవరకు లోయలలోకి చేరతాయి. రాత్రివేళ అవి అయనోఆవరణంలో పరావర్తనం చెంది దూరప్రాంతాలకు పోతాయి, అందువలన పరాయి కేంద్రాల ధ్వని కూడా కలుస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్తు, సెల్‌ఫోన్లు స్తంభించాయి. అటువంటి వేళ బ్యాటరీతో నడిచే రేడియోకు హెచ్చరికలు చేరడం కొండ గ్రామాలలో ప్రసారం ఏ పౌనఃపున్యంలో ఉన్నదన్న దానిపై కూడా ఆధారపడుతుంది.