మైలాపూరు కపాలీశ్వరుడు – పోర్చుగీసుల శాంథోమ్ రేవు

ఈ కుంభాభిషేక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసినదిగా ధర్మకర్తలు కోరినప్పుడు, స్థానం తప్పి మరల నిలిచిన ఒక ఆలయపు కథను భక్తమహాశయులకు విన్నవింపవలెనని నాకు తోచినది. అది మైలాపూరు శ్రీ కపాలీశ్వరస్వామి వారి ఆలయం. మన బైరెడ్డిపల్లె ప్రాంతం నుండి పనులమీద చెన్నపట్టణం వెళ్ళినవారిలో అనేకులు ఆ కోనేటి గట్టున నిలిచి గోపురదర్శనం చేసికొన్నవారే. అయితే స్వామి మొదట కొలువుండిన చోటు అది కాదని ఎరిగినవారు తక్కువ.

7వ శతాబ్దంలో తిరుజ్ఞానసంబంధరులు ఈ క్షేత్రాన్ని కీర్తించినారు. 15వ శతాబ్దికి చెందిన అరుణగిరినాథులు ఈ ఆలయాన్ని సముద్రపు ఒడ్డున ఉన్నదిగానే పాడినారు. నేటి ఆలయానికి, కడలికి నడుమ వీధులు, ఇండ్లు ఉన్నవి. ఈ ఎడమునకు కారణం తెలియవలెనన్న ఆ రేవు చరిత్ర చూడవలెను.

1510లో గోవాను ఆక్రమించిన పోర్చుగీసులు కొద్ది కాలానికే తూర్పుతీరానికి వచ్చినారు. క్రీస్తు శిష్యుడైన థామస్ సమాధి మైలాపూరులో ఉన్నదని విని, 1517లో వారిలో కొందరు ఆ స్థలాన్ని దర్శించినారు. 1523 నాటికి అచ్చటి పాత మందిరాన్ని బాగుచేయసాగినారు. దాని చుట్టూ ఇండ్లు, గిడ్డంగులు లేచి శాంథోమ్ పట్టణమైనది. ఇచ్చటి నుండి అద్దకపు వస్త్రాలు ఓడలలో మలక్కా వరకు పోయేవి. 1606లో అది బిషప్ పీఠమైనది.

ఆనాడు ఈ తీరం విజయనగర ప్రభువులది. వారికి పోర్చుగీసులు తెచ్చే గుఱ్ఱాలు కావలెను. పోర్చుగీసులకు వారి అనుమతి కావలెను. అందుచేత స్నేహమే ఎక్కువ కాలం నడచినది. కాని శాంథోమ్ పరిసరాలలో ఆలయాలకు హాని కలుగుచున్నదన్న మొర అళియ రామరాయల చెవిని పడినది. ఆ పట్టణంలో అపారధనం ఉన్నదన్న మాట కూడ పడినది. 1558–59 ప్రాంతంలో ఆయన సేనతో వచ్చి పట్టణాన్ని చుట్టుముట్టినాడు. పౌరుల సొత్తునంతటిని తెప్పించి లెక్కకట్టించగా విన్నంత ధనం లేదు. సొత్తు తిరిగి ఇచ్చివేసి, లక్ష వరహాల కప్పం విధించి, సగం రాబట్టి, తక్కినదానికి పూచీగా ఐదుగురు ప్రముఖులను వెంట తీసికొనిపోయినాడు. తిరిగి ఇచ్చునప్పుడు ఒక వెండి చెంచా కనిపించకపోతే దానిని కూడ వెదకించి సొంతదారునకు ఇప్పించినాడట! ఈ ముచ్చట వ్రాసిపెట్టినవారు పోర్చుగీసులే. ధనాశ దండయాత్రకు ఒక కారణమే అయినను, ఆ చెంచా కథ చదివినప్పుడెల్ల నాకు ఆయనపై గౌరవం కలుగును.

1565లో తళ్ళికోట యుద్ధం ముగిసినది; రామరాయలు హతుడైనాడు. రాజధాని పెనుగొండకు, పిదప మన చంద్రగిరికి మారినది. ఆ కాలంలోనే ఒడ్డున ఉండిన పాత ఆలయం రూపుమాసినది. పోర్చుగీసులు పడగొట్టినారని పెద్దల మాట. అలల కోత మింగినదని మరికొందరి మాట. రామరాయల వరకు పోయిన మొరను తలచుకొన్నచో నాకు పెద్దల మాటే సమంజసంగా తోచును. భక్తులు తీరానికి ఎడంగా కొత్త ఆలయం కట్టుకొన్నారు. నేడు మనం చూచుచున్నది అదే. వయస్సు సుమారు మూడు వందల ఏండ్లు. 120 అడుగుల రాజగోపురం 1906 నాటిది.

పట్టణం మాత్రం నిలువలేదు. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు శాంథోముకు ఉత్తరాన చెన్నపట్టణపు నేలను ఆంగ్లేయులకు ఇచ్చినాడు. వర్తకం అటు మరలినది. 1662లో గోలకొండ సేన శాంథోమును పట్టుకొన్నది. 1672లో ఫ్రెంచివారు, 1674లో వారిని వెడలగొట్టి మరల గోలకొండవారు. కోటగోడలు నేలమట్టమైనవి. 1749లో అది ఆంగ్లేయుల వశమైనది.

పాత ఆలయానికి సాక్ష్యం ఎక్కడ దొరికినదో వినుడు. శాంథోమ్ చర్చి ఆవరణలో చోళుల నాటి తమిళ శాసన శిలాఖండాలు బయటపడినవి. వానిలో ఒకటి కూత్తాడుందేవర్, అనగా నటరాజస్వామి, సన్నిధిలో రాత్రివేళ దీపం వెలిగించుటకు ఇచ్చిన దానశాసనం. గోడ పోయినది, గోపురం పోయినది, రేవు పోయినది. దీపానికి ఇచ్చిన దానం మాత్రం రాతిపై మిగిలినది.

ఇది వ్రాయుటకు మరొక కారణమున్నది. జీర్ణోద్ధరణలో కళాకర్షణ చేసి స్వామిని బాలాలయంలో ఉంచిన తరువాత, పనివారికి రాయి రాయిగానే కనిపించును. మన ప్రాకారపు నేల తవ్వునప్పుడు అరిగిన అక్షరాలున్న బండ ఒకటి వచ్చినది. మేస్త్రీ దానిని చెక్కి నునుపుచేసి మెట్టుగా వేయబోయినాడు. ఉలి పడకముందే నేను చూచుట స్వామి దయ. అది ఏ దాత ఏమి ఇచ్చిన శాసనమో చదువదగినవారు వచ్చి చూడవలసి ఉన్నది. ప్రస్తుతం దానిని ధ్వజస్తంభం ప్రక్క గోడకు ఆనించి పెట్టించినాము. దానిపై సున్నము వేయవద్దనియు, పసుపుకుంకుమలు పూయవద్దనియు భక్తులకు మనవి.