సేవలో పుచ్చుకొనువాని చేయి

కుమ్మరి చేసిన కుండకు, దానిని కొనబోవువాడెవ్వడో తెలియకున్నను, లోపమేమియు రాదు. ఆవము నుండి వెలువడిన క్షణముననే అది సంపూర్ణమైన కుండ. పాఠము అట్టిది కాదు. ఉపాధ్యాయుడెంతటి పండితుడైనను, విద్యార్థి మనస్సు లగ్నము చేసి గ్రహింపనిచో అచ్చట ఉపన్యాసము జరిగినదనవచ్చును గాని విద్య జరిగినదనుటకు వీలులేదు. వైద్యమును, వీధుల పారిశుద్ధ్యమును, ఊరి కాపుదలయును ఈ జాతివే. ఇంత సామాన్యమైన సత్యమునకు రాజనీతిశాస్త్రమున ఒక పేరు ఏర్పడుటకు ఇరువదవ శతాబ్దిలో మూడు పాళ్ళు గడువవలసి వచ్చెను. ఇంగ్లీషువారు దానిని కోప్రొడక్షన్ అందురు; మనము సహోత్పత్తి యనవచ్చును.

ఆ పేరు పుట్టినచోటు పోలీసు ఠాణా యన్నచో పాఠకులకు వింతగా తోచును. అమెరికాలో ఆ దినములలో పండితులును పాలకులును ఏకకంఠముగా చెప్పుచుండిన మాట ఏమనగా, చిన్న చిన్న పురపాలక సంఘములను, వాని కొలది మంది పోలీసులను పెద్ద నగరములలో విలీనము చేసినచో వ్యయము తగ్గి సేవ మెరుగగును అని. ఇండియానా విశ్వవిద్యాలయమున అధ్యాపకురాలగు ఎలినార్ ఆస్ట్రమ్ ఈ మాటను నమ్మనూ లేదు, త్రోసివేయనూ లేదు, పరీక్షింపదలచెను. 1970లో ఆమెయు, ఆమె శిష్యులును ఇండియానాపొలిస్ నగరమును ఆనుకొనియున్న బీచ్ గ్రోవ్, లారెన్స్, స్పీడ్‌వే అను చిన్న పట్టణములకు పోయి, వాని ప్రక్కనే నగరపు పోలీసుల అధీనమున నున్న, వానిని పోలిన పేటలకును పోయి, దొంగతనము జరిగినప్పుడు పోలీసులు ఎంతసేపటికి వచ్చిరి, వారియందు మీకు నమ్మకమున్నదా అని గడపగడపకు అడిగిరి. చిన్న పట్టణములవారి సేవయే మేలుగా తేలెను. పిదప ఇతర మహానగరములలో జరిగిన పరిశోధనలును విలీనవాదమునకు బలము చేకూర్చలేదు.

కారణమేమి? వీధివారిని ఎరిగిన పోలీసునకు వీధివారే కన్నులు, చెవులు. అనుమానాస్పదమైన దానిని చూచి కబురు చేయువాడు, సాక్ష్యమునకు జంకనివాడు, పొరుగింటివారు ఊరికి పోయినప్పుడు ఆ తలుపుపై దృష్టి నిలుపువాడు, వీరందరును జీతము లేకయే ఆ కాపుదలను పోలీసులతో కూడి ఉత్పత్తి చేయుచున్నవారు. ఈ కలయికకే సహోత్పత్తి యని పేరు వచ్చెను. పోలీసు నడచి తిరుగుట మాని కారెక్కి పోయినంతనే ఈ బంధము సడలును. ఎలినార్, ఆమె భర్త విన్సెంట్ 1973లో స్థాపించిన విద్యాకేంద్రమునకు సంస్థ యనియో పీఠమనియో పేరిడక వర్క్‌షాప్, అనగా కర్మశాల, అని పేరిడిరి. వారు ఒక వడ్రంగి చెంత కొయ్యపని నేర్చుకొని తమ యింటి సామానులను చేసికొన్నవారు. చేతితో కలసి చేయు పనియందు వారికి గల గౌరవమే ఆ పేరునందును, ఈ భావమునందును గోచరించునని నా తలంపు. ఆమెకు 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ శాస్త్రమున దానినందిన ప్రథమ మహిళ ఆమెయే.

శాస్త్రజ్ఞులు పేరిడిన భావమునకు ప్రాణము పోసినవాడు ఒక రోగి. ఎడ్గర్ కాన్ అను పౌరహక్కుల న్యాయవాది 1980లో తీవ్రమైన గుండెపోటునకు లోనై ఆసుపత్రి మంచమున పడి, ఒకరికి ఏమియు ఈయలేక అందరి వలన పుచ్చుకొనుట మాత్రమే తన వంతైనప్పుడు, నిరుపయోగినైతినను బాధ ఎట్టిదో తెలిసికొనెను. ఆ మంచమున మెదలిన యోచనయే తరువాత టైమ్ డాలరుగా రూపొందెను: ఒకనికి ఒక గంట సేవ చేసినచో మరియొకని వలన ఒక గంట సేవ పొందవచ్చును, న్యాయవాది గంటయు, తోట పనివాని గంటయు సమానమే. (జపానులో తెరుకో మిజుషిమా అను గృహిణి 1973లోనే ఒసాకాలో ఇట్టి శ్రమ బ్యాంకును నెలకొల్పియుండెనని ఇచ్చట చెప్పుట ధర్మము.) వాషింగ్టన్ నగరమున కాన్ నెలకొల్పిన బాలల న్యాయస్థానములో, చిన్న నేరము చేసిన బాలుని విచారించు జ్యూరీగా అదే ఈడు పిల్లలే కూర్చుండి, ఆ గంటలకు ప్రతిఫలముగా కంప్యూటరును సంపాదించుకొనుచుండిరి. సంఘము సమస్యగా లెక్కించిన పిల్లలను న్యాయమునకు పనివారుగా చేసిన ఆ దృశ్యము నా మనస్సును విశేషముగా ఆకర్షించినది.

ఇంగ్లండున 1998లో గ్లాస్టర్‌షైర్ మండలమున, ఇట్లు గంటల సేవను మార్చుకొను మొదటి టైమ్ బ్యాంకు వెలసెను. మమ్ము విడిచి మమ్ము గూర్చి ఏదియు నిర్ణయింపరాదని వికలాంగుల ఉద్యమము దీర్ఘకాలము పోరినది. ఆ దేశపు 2014 నాటి సంరక్షణ చట్టమును అనుసరించి వెలువడిన మార్గదర్శకములలో సహోత్పత్తి యను మాట చోటుచేసికొన్నది. మాట చట్టమునకెక్కుట సంతోషమే గాని, ఆచారమగుట వేరు. నిర్ణయమంతయు ముగిసిన పిమ్మట నలుగురిని పిలిచి అభిప్రాయమడుగుట సహోత్పత్తి కాదు. ప్రణాళిక తెల్లకాగితముగా నున్ననాడే వారిని పిలువవలెను. వారి కాలమునకు విలువ కట్టవలెను. ఉద్యోగి తన అధికారములో కొంత నిజముగా వదలుకొనవలెను. ఈ మూడవదియే కష్టము.

ఈ చరిత్రలో మన కర్నూలు జిల్లాకును చోటున్నది. రాబర్ట్ వేడ్ అను పరిశోధకుడు ఆ జిల్లాలోని కాలువ క్రింది పల్లెలలో తిరిగి 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆస్ట్రమ్ ఉమ్మడి వనరులను గూర్చి వ్రాసిన 1990 నాటి గ్రంథమున ఆ పరిశోధన పేర్కొనబడినది. తూము వరకు నీటిని తెచ్చుట ప్రభుత్వము పని. తూము దాటిన నీటిని మళ్ళకు వంతుల ప్రకారము పారించుటకు కొన్ని గ్రామములు తామే మనుషులను నియమించుకొనెను. పైరును పశువుల వలన కాపాడుటకు కావలివారిని పెట్టుకొనెను. కోత ముగిసిన పొలములలో మందలను మేపుకొను హక్కును విక్రయించి ఊరికొక నిధి కూర్చుకొనెను. ఏ చట్టమును ఇట్లు చేయుడని వారిని ఆజ్ఞాపింపలేదు. కాలువ మొదట నీరు సమృద్ధిగా దొరకు ఊళ్ళలో ఇట్టి ఏర్పాటు అరుదు. కాలువ చివర, నీరు వచ్చునో రాదో యను భయము ఏటేట ఎదుర్కొను ఊళ్ళలోనే అది గట్టిగా వేరూనియుండెను.