నిఖా డీవీడీ తాళం కథ

1996లో జపాన్ బజారులోకి మొదటి డీవీడీ ప్లేయర్లు వచ్చాయి. ఒక పొర డిస్కులో 4.7 జీబీ పడుతుంది. వీడియో ఎంపెగ్-2 పద్ధతిలో ఉంటుంది. నకలు తీయకుండా సినిమా డిస్కులకు సీఎస్ఎస్ అనే తాళం వేశారు. 1999లో డీసీఎస్ఎస్ అనే ప్రోగ్రామ్ ఆ తాళం తీసింది. దాని మీద నార్వే కుర్రాడు యోన్ లెక్ యోహాన్సన్‌పై ముకద్దమా నడిచింది. 2003లో అదాలత్ అతన్ని బరీ చేసింది.

అదే ఏడు హెచ్.264 వచ్చింది. ఎంపెగ్-2కు కావలసిన జాగాలో దాదాపు సగంతోనే అంత సాఫ్‌గా బొమ్మ చూపుతుంది. ఆ ఏడే ఎరిక్ పెటీ హ్యాండ్‌బ్రేక్ మొదలుపెట్టాడు. అది ముఫ్త్, దాని కోడ్ అందరికీ ఖుల్లా. అయితే తాళం తీయడం దాని పని కాదు.

మన అల్మారాల్లోని నిఖా, వలీమా డీవీడీలకు మామూలుగా ఆ తాళమే ఉండదు. వాటికి హ్యాండ్‌బ్రేక్ చాలు, పైసలు అడిగే సాఫ్ట్‌వేర్ జరూరత్ లేదు. ఒక్క మాట: ఫైలు చిన్నదైతే కొంత వివరం పోతుంది, మళ్లీ వాపస్ రాదు. అందుకే ముందు డిస్కు మొత్తాన్నీ హార్డ్‌డిస్కులో నకలు తీసి పెట్టండి. ఫోన్లకు పంపే ఎంపీ4 తర్వాత చేసుకోవచ్చు. రికార్డు చేసిన డిస్కులోని రంగుపొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. మర్హూమ్ పెద్దల దువా, వాళ్ల ఆవాజ్ అందులో ఉన్నాయి. అది మన పిల్లల అమానత్.