వారానికి వెయ్యి డాలర్ల బేరం

1950లో అమెరికన్ నెట్‌వర్క్ సీబీఎస్ పెద్దలకు నటి లూసిల్ బాల్ కావాలి, ఆమె మొగుడు అక్కర్లేదు. రేడియోలో ఆమె నటిస్తున్న ‘మై ఫేవరెట్ హజ్బెండ్’ను టీవీకి తేవాలని వాళ్ల ఆలోచన. తెర మీద కూడా తన భర్త డెజీ ఆర్నాజే భర్తగా ఉండాలని ఆమె పట్టు. ఆర్నాజ్ క్యూబా నుంచి వచ్చిన బ్యాండ్ గాయకుడు. ఇంగ్లిష్ మాట్లాడితే యాస కొట్టొచ్చినట్టు వినిపించేది. అమెరికన్ అమ్మాయికి ఇతను మొగుడంటే జనం నమ్మరని నెట్‌వర్క్ తేల్చేసింది. వాదనతో పని కాదనుకున్న దంపతులు ఊళ్లు తిరిగి స్టేజీ మీద కలిసి హాస్య ప్రదర్శనలిచ్చారు. హాళ్లలో జనం విరగబడి నవ్వారు. సీబీఎస్ దిగొచ్చింది. అలా పుట్టిన ‘ఐ లవ్ లూసీ’ ప్రసారం 1951 అక్టోబర్ 15న మొదలైంది.

ఈ సిట్‌కామ్ కథను చాలామంది బాల్ వేసిన లూసీ పాత్ర అల్లరితో మొదలుపెడతారు. నిజానికి తెర వెనుక జరిగిన పేచీలే దాన్ని చరిత్రలో నిలబెట్టాయి.

రెండో పేచీ ఊరి దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో పెద్ద షోలు న్యూయార్క్ నుంచే లైవ్‌గా వెళ్లేవి, టీవీ సెట్లు ఎక్కువగా తూర్పు రాష్ట్రాల్లోనే ఉండేవి. అవతలి తీరానికి పంపాలంటే టీవీ తెరకు ఎదురుగా సినిమా కెమెరా పెట్టి బొమ్మను మళ్లీ ఫిల్ము మీదికి ఎక్కించేవారు. దాన్ని కినెస్కోప్ అనేవారు. అందులో మొహాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. కాలిఫోర్నియాలో ఇల్లు, ఆ జులైలోనే పుట్టిన కూతురు, ఇవన్నీ వదిలి బాల్ దంపతులు న్యూయార్క్ రామన్నారు. షోకు డబ్బు పెడుతున్న ఫిలిప్ మారిస్ సిగరెట్ కంపెనీ ఏమో, తన గిరాకీ అంతా ఉన్న తూర్పుకు మసక బొమ్మ వెళ్తే ఒప్పుకోనంది.

ఇద్దరినీ ఒప్పించే దారి ఒక్కటే: సినిమాలాగా 35 ఎంఎం ఫిల్ము మీద తీయడం. దానికి ఖర్చెక్కువ. నెట్‌వర్క్, సిగరెట్ కంపెనీ కొంత పెంచినా ఇంకా చాలలేదు. అప్పుడు దంపతులు తమ జీతంలో వారానికి వెయ్యి డాలర్లు వదులుకున్నారు. బదులుగా ఆ ఫిల్ముల మీద హక్కు తమ కంపెనీ డెజిలూకు రాయించుకున్నారు. ఒకసారి ప్రసారమైపోయిన ఎపిసోడ్ మళ్లీ ఎవరికి కావాలి? సీబీఎస్ పెద్దగా ఆలోచించకుండా సరేనంది.

ఇక తీయడం ఎలా? ఎదురుగా జనం లేకపోతే బాల్‌కు హాస్యం పండదు. జనం ఉంటే షాటు షాటుకూ ఆపి లైట్లు మార్చడం కుదరదు. మూడు కెమెరాలతో ఒకేసారి తీయడం అంతకుముందు ఒకరిద్దరు చేసిందే. నాటకంలా సాగే కథకు దాన్ని అమర్చే పని కార్ల్ ఫ్రాయిండ్‌కు అప్పగించారు. జర్మనీలో ‘మెట్రోపొలిస్’కు, హాలీవుడ్‌లో ‘డ్రాక్యులా’కు కెమెరా పట్టిన మనిషి, ‘ది గుడ్ ఎర్త్’కు ఆస్కార్ కూడా అందుకున్నాడు. ఏ కెమెరా ఎటు తిరిగినా నీడ పడకుండా లైట్లు దాదాపు అన్నీ పైన కట్టించాడు. తెలుపు నలుపు తెర మీద చెదరకుండా కనిపించాలని సెట్టుకు బూడిద రంగు ఛాయలే వేయించాడు. ఎడిటింగ్‌కు మూడు బొమ్మలనూ పక్కపక్కనే చూపే మూవియోలా యంత్రాన్ని ప్రత్యేకంగా చేయించారు. స్టూడియో జనం దాన్ని ‘మూడు తలల రాక్షసి’ అని పిలిచేవారు.

సుమారు 300 మంది ప్రేక్షకులకు మెట్ల బెంచీలు వేశారు. అగ్నిప్రమాద నిబంధనల కోసం స్టూడియోకు వీధి వైపు వేరే ద్వారం తెరవాల్సి వచ్చింది. ఆ నవ్వుల్లో లూసీ ఇరుక్కోబోతున్నప్పుడల్లా ‘అయ్యయ్యో’ అన్నట్టు వినిపించే ఆడగొంతు ఒకటుంది. అది బాల్ తల్లిదే.

పక్కింటి మెర్ట్జ్ దంపతులుగా నటించిన వివియన్ వాన్స్‌కు, విలియం ఫ్రాలీకి మాత్రం ఉప్పూ నిప్పూ. ఆయన ఆమెకన్నా 22 ఏళ్లు పెద్ద. తండ్రి వయసువాడికి భార్యగా వేయాల్సి వచ్చిందని ఆమె విసుక్కోవడం ఆయన చెవిన పడింది, ఆ ఎడం ఇక పూడలేదు. తర్వాత ఈ జంటతోనే వేరే సిట్‌కామ్ తీస్తామంటే ఆమె ససేమిరా అంది. తెర మీద మొగుడూ పెళ్లాల కీచులాట అంత సహజంగా ఉండడంలో వింతేముంది!

1952లో బాల్ మళ్లీ గర్భవతి అయింది. కడుపుతో ఉన్న స్త్రీని కుర్చీల వెనకో, సోఫాల వెనకో దాచమని సలహాలొచ్చాయి. దంపతులు దాచలేదు, కథలోకే తెచ్చారు. అయినా ‘ప్రెగ్నెంట్’ అనే మాట వాడకూడదని నెట్‌వర్క్ ఆంక్ష పెట్టింది. స్క్రిప్టులను ఒక క్యాథలిక్ ఫాదర్, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్, ఒక యూదు రబ్బీ చదివి చూసేవారు. ప్రసారం సోమవారం కాబట్టి సిజేరియన్ కూడా సోమవారానికే పెట్టుకున్నారు. 1953 జనవరి 19న ఉదయం నిజంగా, రాత్రి తెర మీద మగబిడ్డ పుట్టాడు. ఆ ఎపిసోడ్‌ను సుమారు 4.4 కోట్ల మంది చూశారు. మర్నాడు అమెరికా అధ్యక్షుడిగా ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారాన్ని చూసింది 2.9 కోట్ల మంది.

బాల్ విశ్రాంతిలో ఉన్నన్నాళ్లు కొత్త ఎపిసోడ్లు సరిపోక, పాతవాటికి కొత్త ఆరంభం అతికించి మళ్లీ వేశారు. జనం మళ్లీ చూశారు! ఫిల్ము మీద ఉండబట్టే అది సాధ్యమైంది. పునఃప్రసారమనేది వ్యాపారమని పరిశ్రమకు తెలిసొచ్చింది అప్పుడే.

వెయ్యి డాలర్ల లెక్క తేలింది 1957లో. అవే ఎపిసోడ్ల హక్కుల కోసం సీబీఎస్ డెజిలూకు 40 లక్షల డాలర్లకు పైనే చెల్లించింది. అదే ఏడాది ఆ దంపతులు ఆర్‌కేవో స్టూడియోను కొనేశారు. 1940లో ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నది అక్కడే, అప్పట్లో బాల్ అందులో జీతానికి పనిచేసే నటి. 1960లో విడాకులయ్యాక ఆమె ఆర్నాజ్ వాటా కూడా కొని 1962లో కంపెనీ అధ్యక్షురాలైంది. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్: ఇంపాజిబుల్’ సీరియళ్లు మొదలైంది డెజిలూలోనే.