లంద ప్రక్కన ఆదివారము

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఒంగోలు సీమలో క్రీస్తు మార్గమును అవలంబింపవచ్చిన మాదిగ కుటుంబములకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర విధించిన నియమములు మూడే మూడు. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వేదాంతశాస్త్రములోని సూక్ష్మచర్చల ప్రసక్తి ఈ మూడింటిలో ఎచ్చటను లేదు. వారమున ఒకనాడు విశ్రమించు సౌకర్యమును, కోరిన వస్తువును అంగడిలో కొని తినగల స్తోమతను పుట్టుకతోనే పొందిన నేటి పట్టణపు క్రైస్తవునకు ఇవి మిక్కిలి తేలికయైన కట్టుబాట్లుగా తోపవచ్చును. కాని ఆనాటి పల్లెలో మాదిగవాడ బ్రతుకు ఊరితో ఏయే త్రాళ్లచే కట్టబడి యుండెనో తెలిసికొన్నచో, ఈ మూడు నియమములును సరిగా ఆ త్రాళ్ల ముడులమీదనే పడినవని బోధపడును.

ఊరిలో ఎద్దు గాని దున్న గాని చచ్చిన యెడల దాని కళేబరము మాదిగవానికి చెందుట అనాదిగా వచ్చిన ఆచారము. చర్మమును ఒలిచి, సున్నపు నీటిలో నానబెట్టి, వెండ్రుకలను గీకివైచి, తంగేడుచెక్క కషాయముతో నిండిన లందలో దినముల తరబడి ఊరవేయుదురు. పిమ్మట ఆ తోలునే సంచివలె కుట్టి, దానిలో మరల తంగేడుచెక్కయు నీరును నింపి, కొయ్యకు వ్రేలాడగట్టుదురు. లోని నీరు బొట్టుబొట్టుగా తోలుగుండ ఊరి వెలికి వచ్చునంతలో పచ్చితోలు పదునెక్కును. ఆరెయు రంపెయు చేతబట్టి ఆ తోలుతోనే రైతునకు చెప్పులను, కాడికి వారులను, మోటబావికి కపిలబానను, దాని తొండమును కుట్టియిచ్చుట మాదిగవాని విధి. ఇందులకు ప్రతిఫలముగా కళ్లములో నూర్పిళ్లనాడు రైతు కొలిచి యిచ్చునది మేర. అమ్మవారి కొలువులకును, జాతరలకును డప్పు కొట్టుటయు ఈ ఒడంబడికలోనిదే. పంటలు పండిన యేట ఈ మేర కుటుంబమునకు చాలీచాలని గ్రాసమయ్యెడిది. పండని యేట చచ్చిన పశువు మాంసమే వారి ప్రాణాధారమయ్యెడిది. ఈ సంబంధమును కేవలము దాస్యమనినను సత్యమంతయు చెప్పినట్లు కాదు, కేవలము పరస్పరోపకారమనినను కాదు. రైతు తన మాదిగను ఆకలితో చావనిచ్చుటకు ఇచ్చగింపడు. కాని తన బావిని తాకనిచ్చుటకును ఇచ్చగింపడు.

ఇట్టి స్థితిలో ఆదివారము పని మానుట యనగా కోతల కాలమున, బావిలో బాన చినిగిన సమయమున, ఆసామి కబురంపినను పోకుండుట. విగ్రహమునకు మ్రొక్కకుండుట యనగా జాతరనాడు డప్పు చేతబట్టకుండుట. చచ్చిన పశువును తినకుండుట యనగా వంశపారంపర్యముగా వచ్చిన కూటిని, ఆకలితో నున్న బిడ్డలయెదుట, త్రోసివేయుట. క్లౌ దొర వారిని కులవృత్తిని విడిచి మిషను కాంపౌండులో కాపురముండ రమ్మనలేదు; ఎవని పల్లెలో వాడుండి, ఎవని పని వాడు చేసికొని బ్రదుకవలెనని ఆయన నిశ్చయము. చర్మము ఒలువవచ్చును, తోలు పదునుపెట్టవచ్చును, చెప్పులు కుట్టవచ్చును. మాంసము మాత్రము ముట్టరాదు. ఒకే కళేబరమును ముందుంచుకొని, ఇంతవరకు నా పని, ఇటుపైన నాది కాదు అని తనలో తాను గీత గీచికొనవలసిన వాడు ప్రతిదినమును తన్ను తాను పరీక్షించుకొనక తప్పదు. ఆత్మపరీక్ష యనునది ఏకాంతమున కనులు మూసికొని చేయు ధ్యానమే యని తలంచువారికి ఈ లంద ప్రక్కని పరీక్ష కొంత మోటుగా కనిపించునేమో. నాకు మాత్రము ఇంతకంటె కఠినమైన సాధన తోచుట లేదు.

ధ్యానము సైతము ఆ వాడలకు అపరిచితమైనది కాదు. కనిగిరి ప్రాంతమున తాళ్లకొండపాడు అను గ్రామముండెను. అచ్చటి యెర్రగుంట్ల పేరయ్య వృత్తిచే చర్మకారుడు, ప్రవృత్తిచే సాధకుడు. ఆయన ఒక స్త్రీ గురువునొద్ద రాజయోగమును అభ్యసించి, తన కులమువారిలో పలువురకు తానే గురువై, పల్లెపల్లెకు పోయి ఉపదేశించుచుండెడివాడు. అంటరానివానిగా నెంచబడిన పేరయ్య అంతర్ముఖుడై కూర్చుండి శ్వాసను నిలిపి, లోపలి వెలుగు కొరకు వేచియుండెను! మతచరిత్రలు వ్రాయువారు సాధారణముగా ఇట్టి విషయములను ఒక వాక్యముతో దాటిపోవుదురు. మిషనరీ రాకకు పూర్వము ఆ వాడలలో చీకటి తప్ప మరేమియు లేదన్నట్లు వ్రాయుట వారికి అలవాటు. అది న్యాయము కాదు. దాహములేనివాడు చెలమను వెదకడు. పేరయ్య తోళ్ల వ్యాపారమునకై ఉత్తరదేశమునకు పోయినప్పుడు క్రీస్తు వార్త చెవిని పడెను. తాను యోగములో వెదకుచున్న ఏకేశ్వరుడు ఈయనయే యని ఆయనకు దృఢముగా తోచెను. 1866లో, మిషనరీ ఇంకను ఒంగోలున స్థిరపడకమునుపే, ఆయనయు, ఆయన భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. యోగమున ఆయన శిష్యులైనవారిలో అనేకులు పిమ్మట ఆయన వెంటనే నూతన మార్గమున నడిచిరి. అందుచేత ఆ ప్రాంతపు క్రైస్తవ సంఘమునకు మూలపురుషుడెవరని నన్నడిగినచో, అమెరికానుండి ఓడనెక్కి వచ్చినవారికంటె ముందుగా, చంకన తోళ్లమూటతో నడిచివచ్చిన ఈ తెలుగువానినే నేను చెప్పుదును.

తెలుగు సీమలో ఆ మిషను కథ అంతవరకు నిరాశామయముగానే సాగినది. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు చేరెను. పండ్రెండేండ్లు గడచినను ఫలము స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ మిషనును మూసివేయుటయా, నిలుపుటయా యను చర్చ తీవ్రముగా సాగి, తుదకు నిలుపుటకే తీర్మానమైనది. పటముమీద ఏకాకిగా నున్న ఆ కేంద్రమునకు ఒంటరి నక్షత్రమను పేరు ఆ సందర్భముననే వచ్చినది. మరుసటి యేడు, 1854 జనవరి 1వ తేదీ వేకువజామున, లైమన్ జ్యూయెట్ దొరయు, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు ప్రక్కనున్న కొండయెక్కి, ఆ సీమకొక బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ ఐదుగురు మోకరించిన కొండ నేటికిని ప్రార్థనకొండయే.

క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో అచ్చటి సంఘము ఏర్పడెను. ఆ మాసముననే ఆయన పేరయ్య పిలుపుపై తాళ్లకొండపాటికి పోయెను. చింతచెట్ల నీడను గుడారము. చుట్టుప్రక్కల పల్లెలనుండి జనులు బువ్వమూటలు కట్టుకొని వచ్చి, అచ్చటనే వండుకొని తిని, చెట్లక్రిందనే పరుండి దినములకొలది ఉపదేశము వినిరి. ఇరువదియెనమండుగురు బాప్తిస్మము పొందిరి. ఇంతలో ఒంగోలున వేరొక చిక్కు వచ్చినది. మిషను బడికి అనుకూలురై, క్రైస్తవమతమునెడ ఆదరము చూపుచుండిన అగ్రవర్ణ కుటుంబములవారు, ఈ మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమని స్పష్టముగా చెప్పిరి. క్లౌ దొరయు, ఆయన భార్య హారియట్టమ్మయు వేర్వేరు గదులలో, ఒకరి సంగతి మరియొకరికి తెలియకయే బైబిలు తెరువగా, లోకము తృణీకరించినవారిని దేవుడు ఎన్నుకొనెనని కొరింథీయులకు పౌలు వ్రాసిన భాగమే ఇరువురకును తటస్థించెనని ఆయన వృద్ధాప్యమున స్మరించుకొనెను. దానిని దైవసంకల్పమని వారు నమ్మిరి. ఆ నిర్ణయముచేత బడిలో పెద్దకులముల బాలుర సంఖ్య తగ్గెను. ద్వారముమాత్రము మాదిగవాడకు తెరువబడెను.

ఊళ్లలో ప్రతిఘటన ప్రారంభమైనది. ఆదివారము పిలిచినను రానివానిపై, జాతరలో డప్పు మ్రోగింపనివానిపై గ్రామపెద్దలకు ఆగ్రహము కలుగుట సహజమే. అది వారి దృష్టిలో మతవిషయము కాదు, ఒడంబడికను తప్పుట. నీళ్లకు, అంగడికి పోకుండ కట్టడి చేయుట, చాకలిని మాన్పించుట, లేనిపోని నేరములు మోపి అధికారులయెదుట నిలువబెట్టుట మొదలైన ఉపాయములన్నియు ప్రయోగింపబడినవి. క్లౌ దొర జిల్లా అధికారులకు విన్నపములు వ్రాసి కొంత రక్షణము కల్పింపగలిగెను గాని, దొర గుఱ్ఱము ఊరు దాటిన మరునాడు బావియొద్ద నిలువవలసినది మాదిగ యిల్లాలే. ఖాళీకుండతో తిరిగివచ్చి, ఆనాటి రాత్రి ఆ దేవునికే ప్రార్థన చేసిన ఆ స్త్రీలపేరులు మనకు దక్కలేదు.

1876లో వర్షములు తప్పినవి. మనవారు ధాత కరువని నేటికిని చెప్పుకొను ఆ మహాక్షామమున ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును కరువుపనిగా సాగించుచుండెను. యౌవనమున భూమికొలత పని నేర్చియున్న క్లౌ దొర, మూడు మైళ్లకు పైబడిన కాలువభాగమును తానే గుత్తకు పుచ్చుకొని, తన ఉపదేశకులను మేస్త్రీలుగా నియమించి, వేలకొలది జనులకు పని కల్పించెను. మాదిగలేగాక పెక్కు కులములవారు ఆ మంటి గట్టులమీద తట్టలు మోసిరి. ప్రొద్దు నడినెత్తికి వచ్చి పారలు దింపిన వేళ మేస్త్రీయే ఉపదేశకుడగును. తమవలెనే ఎండలో నిలిచినవాడు, తమ యాసలోనే మాటలాడువాడు చెప్పు మాటలను ఆ జనులు శ్రద్ధతో వినిరి.

బాప్తిస్మము కోరి అనేకులు ముందుకు వచ్చిరి. ఆయన ఇయ్యనని చెప్పెను. చేతిలో కూలిడబ్బు, సహాయధాన్యము ఉన్నంతకాలము ఒక్కరికిని బాప్తిస్మమీయక పదునైదు మాసములు ఆగెను. కూటికొరకు మతము మార్చుకొనిరను నింద ఆనాటికే ప్రచారములో నుండెను, నేటికిని నోటికి సులువుగా వచ్చు నిందయే. దానిని నమ్మువారు ఈ పదునైదు మాసములను గుర్తుంచుకొనవలెను. 1878 నడుమ కరువుపనులు ముగిసి, ఇక ఈయవలసిన ధనమేమియు మిగులని దశలో, ఒంగోలుకు ఉత్తరముగా సుమారు పది మైళ్లలో గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లి వద్ద క్రైస్తవులను సమావేశపరచదలచెను. క్రొత్తవారిని తీసికొనిరావలదని కబురంపినను వారే వేలుగా వచ్చిరి. మాకు డబ్బు వలదు, ఇవిగో పనిచేసిన చేతులు, అని బొబ్బలెక్కిన అరచేతులు చాచి చూపిరట. వచ్చు పంట పోయినచో చత్తుము గాని క్రైస్తవులుగా చత్తుమనిరట. ఇక నిరాకరించుటకు ఆయనకు ఆధారము లేకపోయెను. ప్రతి గ్రామపు ఉపదేశకుడును తనవారిని ఒక్కొక్కరినిగా ఎరిగి సాక్ష్యమీయగా, జూలై 2వ తేదీన 614 మందికి, 3వ తేదీన 2,222 మందికి, 4వ తేదీన 700 మందికి బాప్తిస్మము జరిగెను. ఇద్దరేసి ఉపదేశకులు నీటిలో నిలిచి, అలసినప్పుడు వేరిద్దరకు చోటిచ్చుచు, ఆరుగురు ఆ పని నిర్వహించిరి. ఆరుగురును తెలుగువారే.

2,222 అను సంఖ్య ప్రపంచపు మిషనరీ పత్రికలలో మ్రోగిపోయినది. దానివలన ఒంగోలుకు కీర్తి వచ్చినదే కాని, నా దృష్టిలో ఆ సంఖ్య ఈ చరిత్రను కొంత కప్పివైచినది. గుండ్లకమ్మలో ఒకనాడు మునుగుట ఒక ఘడియ పని. తరువాతి ఆదివారము ఆసామి వాకిటినుండి కబురు వచ్చినప్పుడు పోకుండుట, మఱు యేట దొడ్డిలో ఎద్దు చచ్చినప్పుడు తోలు మాత్రమే తెచ్చుకొని మాంసమును విడిచివచ్చుట, ఇవి యేండ్ల పని. అందరును నిలిచిరని నేననను. మశూచి వచ్చినప్పుడు అమ్మవారికి చాటుగా ముడుపు కట్టిన తల్లులను నేను తప్పుపట్టలేను. కాని నిలిచినవారి యిండ్లలో ఒక మార్పు తరతరములకు నిలిచినది. ఆదివారమను దినము వారి చేతులు ఊరివి కాక తమవైన మొదటి దినము. ఆనాడు తలంటుకొని, ఉతికిన గుడ్డ కట్టుకొని, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చదువురాని తండ్రి విన్న వాక్యమును వల్లెవేసికొనెను. మరికొంత కాలమునకు ఆ పిల్లలే అక్షరములు నేర్చి తండ్రికి చదివి వినిపించిరి. నేనెవరను, నా చేతులెవరివి, దేనికి తలవంచవలెను, దేనికి వంచకూడదు అను ప్రశ్నలు పాఠశాలలో గాక ఆ విశ్రాంతిలో పుట్టినవి.

ఈ వృత్తాంతములలో పెక్కింటిని మనకు దక్కించినది క్లౌ దొర రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. వృద్ధులైన ఉపదేశకులయొద్ద కూర్చుండి, వారి పూర్వపు గురువుల సంగతులను, యోగసాధనలను, కులపురాణములను ఓపికతో విని, 1899లో చెప్పులు కుట్టువారి కథలుగా ఆమె ప్రచురించెను. భర్త ఆత్మకథను గూడ ఆయన చెప్పగా ఆమెయే వ్రాయగా, 1910లో ఆయన మరణించిన పిమ్మట 1914లో అది వెలువడెను. ఆమెకు మనమెంతయు ఋణపడియున్నాము. అయినను ఆ వృద్ధులు ఆమెతో పలికినది తెలుగు. గ్రంథమున నిలిచినది ఇంగ్లీషు. పేరయ్య తన శిష్యులతో ఏ మాటలతో మాటలాడెనో, డప్పు దింపివైచిననాడు వాడపెద్దలు ఏమని వాదులాడుకొనిరో, బావియొద్దనుండి తిరిగివచ్చిన యిల్లాలు ఏమనెనో ఆ పుటలలో దొరకదు. కనిగిరి, పొదిలి, మార్కాపురము ప్రాంతముల పల్లెలలో తాతముత్తాతలనుండి విన్న మాటలను ఇంకను మరువని ముసలివారున్నారు. ఆ పల్లెల బడులలో చదువుకొని ఉపాధ్యాయులై, పాదిరులై, ఉద్యోగులై దూరములకు పోయిన మనుమలు సెలవులకు ఇండ్లకు వచ్చినప్పుడు కాగితమును కలమును తెచ్చుకొని వారి ప్రక్కన కూర్చుండి, వారి నోటిమాట నోటిమాటగానే వ్రాసికొనవలెనని నా విన్నపము.