ఊళ్ళోవాళ్ళకు మంగళవారమే డిస్నీల్యాండ్

1955 జులై 18. కాలిఫోర్నియా రాష్ట్రం అనహైమ్‌లో నారింజ తోటలు కొట్టేసి కట్టిన కొత్త పార్కు గేట్లు జనానికి తెరుచుకున్నాయి. ఒకటో నంబరు టికెట్టు కొన్నది వాల్ట్ డిస్నీ అన్న రాయ్ డిస్నీ. వెల 1 డాలరు. పిల్లలకైతే అర డాలరు. 2024 అక్టోబరులో అదే గేటు దగ్గర బాగా రద్దీ ఉండే రోజు టికెట్టు 206 డాలర్లకు చేరింది.

రెండు వందల రెట్లు పెరిగిందని ముక్కున వేలేసుకునే ముందు కాస్త ఆగాలి. 1955 నాటి డాలరు ఇవాళ్టి లెక్కలో 11, 12 డాలర్లతో సమానం. పైగా ఆ డాలరు లోపల అడుగుపెట్టడానికే. ఏదెక్కాలన్నా మళ్ళీ డబ్బులు తీయాలి. అందుకని రెండు ధరల్నీ పక్కపక్కన పెడితే నిజం తేలదు. చూడాల్సింది వేరే. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఉంటూ, గంటల లెక్కన జీతం తీసుకునే కుటుంబం పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళగలదా? అప్పుడు వెళ్ళగలిగిందా? ఆ లెక్క తీస్తే డెబ్బయి ఏళ్ళ చరిత్ర కదులుతుంది.

అయిదు సెంట్ల సరదా

అమెరికాలో వినోదపు పార్కులు మొదట పుట్టింది ఊళ్ళోవాళ్ళ కోసమే. న్యూయార్క్ నగరపు అంచున సముద్రం ఒడ్డునున్న కోనీ ఐలాండ్‌లో జార్జ్ టిల్యూ 1897లో స్టీపుల్‌చేజ్ పార్కు తెరిచాడు. 1903లో లూనా పార్క్, మరుసటేడు డ్రీమ్‌ల్యాండ్ వచ్చాయి. 1920 నాటికి సబ్‌వే రైలు అక్కడిదాకా వేశారు. చార్జీ 5 సెంట్లు. రైలు దిగితే నేథన్స్ దుకాణంలో హాట్ డాగ్ కూడా 5 సెంట్లే. పక్కనే పాత దుకాణం పది సెంట్లకు అమ్ముతుంటే 1916లో నేథన్ హాండ్‌వెర్కర్ సగం ధరకు మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ కూలీలు, కుట్టుపని ఆడవాళ్ళు, కొత్తగా ఓడ దిగిన వలస కుటుంబాలు ఆదివారం వచ్చిందంటే అక్కడికి పోటెత్తేవాళ్ళు. సముద్రపుగాలికి డబ్బివ్వక్కర్లేదు. ఎక్కినదానికే డబ్బు.

మన నాంపల్లి నుమాయిష్ పద్ధతీ దాదాపు ఇదే. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్‌లో గేటు టికెట్టు తక్కువ, జెయింట్ వీల్‌కి వేరే. జేబులో ఉన్నంతలో సరదా తీర్చుకోవచ్చు. ఏమీ ఎక్కకుండా జనాన్ని చూసి, మిర్చిబజ్జీ తిని ఇంటికొచ్చినా ఎవరూ అడగరు.

వాల్ట్ డిస్నీకి ఈ సంత వాతావరణం నచ్చలేదు. కూతుళ్ళను గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే తను బెంచీ మీద ఊరికే కూర్చోవాల్సి వచ్చేదని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 1951లో కోపెన్‌హాగన్‌లోని టివోలి గార్డెన్స్ చూసి, ఆ శుభ్రతకూ పూలతోటలకూ ముచ్చటపడ్డాడు. 1953లో షికాగోలో పాత పార్కుల యజమానులకు తన ప్లాను చూపిస్తే వాళ్ళు పెదవి విరిచారు. అంత పార్కుకి ఒకే గేటేమిటి, పైసా రాబట్టని అలంకారాల మీద అంత ఖర్చేమిటి అన్నారు.

డబ్బు సమకూర్చింది టీవీ. ఏబీసీ సంస్థ 5 లక్షల డాలర్ల వాటా పెట్టి, మరో 45 లక్షల అప్పుకు పూచీ పడింది. మొత్తం ఖర్చు 1 కోటి 70 లక్షల డాలర్లు. ఎక్కడ కట్టాలో తేల్చడానికి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి హారిసన్ ప్రైస్ అనే నిపుణుణ్ణి పెట్టుకున్నారు. దక్షిణ కాలిఫోర్నియాలో జనం ఎటువైపు విస్తరిస్తున్నారు, కొత్త ఫ్రీవే ఎటు పోతోంది అని లెక్కలు కట్టి ఆయన అనహైమ్ వైపు వేలు చూపించాడు. అంటే ఆ పార్కు కట్టిన జాగా స్థానికుల్ని దృష్టిలో పెట్టుకుని ఎంచిన జాగాయే. 1950లో ఆ ఊరి జనాభా 14,556. పదేళ్ళకు లక్ష దాటింది.

సొరుగులో మిగిలిన టికెట్లు

పార్కు తెరిచిన మూడు నెలలకే, అక్టోబరులో టికెట్టు పుస్తకాలు వచ్చాయి. గేటు ప్రవేశంతో కలిపి ఎనిమిది రైడ్‌ల పుస్తకం పెద్దలకు రెండున్నర డాలర్లు, పిల్లలకు ఒకటిన్నర. టికెట్ల మీద ఏ, బీ, సీ అని తరగతులుండేవి. తర్వాత డీ వచ్చింది, 1959లో ‘ఈ’ వచ్చింది. ‘ఏ’ టికెట్టుకు పార్కులోని మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు బండి. ‘ఈ’ టికెట్టుకు అప్పుడే కట్టిన మాటర్‌హార్న్ కొండ మీద దూసుకుపోయే బండి. పిల్లలు ‘ఈ’ టికెట్లన్నీ మొదటి గంటలోనే ఊదేసి, ఏ, బీ టికెట్లను జేబులో వేసుకుని ఇంటికొచ్చేవాళ్ళు. దక్షిణ కాలిఫోర్నియాలో చాలా ఇళ్ళ సొరుగుల్లో అవి ఏళ్ళ తరబడి పడి ఉండేవి. మళ్ళీ వెళ్ళినప్పుడు పనికొస్తాయని దాచుకునేవాళ్ళు. మళ్ళీ వెళ్తామన్న నమ్మకం ఉండేది కాబట్టే దాచారు.

ఈ పద్ధతిలో బీద కుటుంబానికి ఒక వెసులుబాటు ఉండేది. గేటు టికెట్టు మాత్రమే కొనుక్కుని లోపలికెళ్ళి, బ్యాండు మేళం విని, ఊరేగింపు చూసి, రాత్రి బాణసంచా చూసి రావచ్చు. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోనే, బ్యూనా పార్కులో నాట్స్ బెర్రీ ఫార్మ్ ఉంది. పళ్ళతోట పక్కన కార్డీలియా నాట్ 1934లో మొదలుపెట్టిన చికెన్ భోజనాల హోటలు చుట్టూ పెరిగిన పార్కు అది. 1968లో కంచె వేసేదాకా అక్కడ ప్రవేశం ఉచితమే.

1982లో డిస్నీల్యాండ్ టికెట్టు పుస్తకాల్ని ఎత్తేసింది. 12 డాలర్లకు ఒకే పాస్‌పోర్ట్, ఎన్నైనా ఎక్కొచ్చు. రోజంతా ఎక్కేవాళ్ళకు ఇది లాభసాటి బేరం. సాయంత్రం కాసేపు తిరిగి వద్దామనుకునేవాళ్ళకు మాత్రం చిన్న ఖర్చుతో గడిచే దారి మూసుకుపోయింది. మైకేల్ ఐస్నర్ 1984లో కంపెనీ పగ్గాలు అందుకున్నాక, ధర పెంచినా జనం తగ్గడం లేదని తేలింది. ఇక ఆగలేదు. 2001లో ఒకరోజు టికెట్టు 43 డాలర్లు.

అదే కాలంలో స్థానికుల కోసం మరో తలుపు తెరిచారు. అదే వార్షిక పాస్. 1980లలో మొదలై, తర్వాత దక్షిణ కాలిఫోర్నియా పిన్‌కోడ్‌ల వాళ్ళకు చవక రకం, నెలనెలా కిస్తీల్లో కట్టుకునే సౌకర్యం వచ్చాయి. దాంతో డిస్నీల్యాండ్ చుట్టుపక్కల ఊళ్ళకు ఇంటి వెనక పార్కు అయిపోయింది. బడి వదలగానే వచ్చే కుర్రకారు, ఆఫీసు అయ్యాక చుర్రో అనే తీపి చిరుతిండి ఒకటి తిని బాణసంచా చూసి వెళ్ళే జంటలు, జీన్స్ జాకెట్ల మీద బొమ్మలు కుట్టించుకుని ఆదివారాల్లో కలిసే క్లబ్బులు. పార్కు సంస్కృతి చాలావరకు ఈ పాస్‌దారులదే.

రోజును బట్టి రేటు

2016 ఫిబ్రవరిలో పార్కు అన్ని రోజులకూ ఒకే ధర అన్న పద్ధతికి స్వస్తి చెప్పింది. తక్కువ రద్దీ రోజు 95 డాలర్లు, మామూలు రోజు 105, పండగలూ సెలవులూ అయితే 119. తర్వాత మూడు మెట్లు అయిదయ్యాయి, ఆపైన ఇంకా పెరిగాయి. ఇక్కడొక విశేషం గమనించాలి. అన్నిటికంటే కింది మెట్టు 2019 నుంచి 104 డాలర్ల దగ్గరే నిలబడి ఉంది. పెరిగేవి పై మెట్లు. 2024 దాకా అన్నిటికంటే పై మెట్టు పెరిగిన తీరు ఇది: 149, 154, 164, 179, 194, 206. ధర పెంచలేదని కంపెనీ చెప్పుకోవడానికి 104 ఉంటుంది. ఆ 104 డాలర్ల రోజులు పిల్లలు బడిలో ఉండే రోజులు.

కోవిడ్ వచ్చి 2020 మార్చి 14 నుంచి 2021 ఏప్రిల్ 30 వరకు పార్కు మూతపడింది. ఆ మూతలోనే, 2021 జనవరిలో, వార్షిక పాస్‌లన్నీ రద్దు చేశారు. ఆగస్టులో మ్యాజిక్ కీ పేరుతో కొత్త పాస్‌లు వచ్చాయి. దక్షిణ కాలిఫోర్నియా వాళ్ళకు ప్రత్యేకించిన చవక రకం 399 డాలర్లు, అన్నిటికంటే ఖరీదైనది 1,399. పాస్ ఉన్నా ముందుగా రోజు బుక్ చేసుకోవాలి. ఏ రోజుకూ అడ్డు లేదని చెప్పి అమ్మిన ఖరీదైన పాస్‌తోనూ రోజులు దొరకడం లేదని కోర్టుకెక్కితే, 95 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. 2022లో కంపెనీ తన ఆర్థిక ఫలితాల్లో డిస్నీల్యాండ్‌కి వచ్చే సందర్శకుల పొందిక అనుకూలంగా లేదని రాసుకుంది. ఆ మాట తమ మీదేనని పాస్‌దారులకు అర్థమైపోయింది. దాన్నే టీషర్టుల మీద అచ్చేయించుకుని పార్కులో తిరిగారు.

వ్యాపారం వైపు నుంచి చూస్తే ఆ మాటలో తర్కం ఉంది. ఏడాదికి ఇరవైసార్లు వచ్చే ఊరివాడు హోటల్లో దిగడు, బొమ్మల సంచీ నింపుకోడు, భోజనం ఇంట్లో చేసి వస్తాడు. జీవితంలో ఒక్కసారి వచ్చే దూరప్రయాణికుడు మూడు రోజుల్లో వాడికంటే ఎక్కువ వదిలించుకుని వెళ్తాడు.

పని గంటల లెక్క

ఇప్పుడు అసలు లెక్క. 1955 చివర్లో ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు టికెట్టు పుస్తకాలు కొంటే 8 డాలర్లు, పార్కింగ్ పావు డాలరు. ఆనాడు అమెరికా కనీస వేతనం గంటకు 75 సెంట్లు. అంటే 11 గంటల పని.

2024లో పదేళ్ళు దాటిన పిల్లలున్న అలాంటి కుటుంబం రద్దీ రోజున వెళితే టికెట్లు 824 డాలర్లు, పార్కింగ్ 35. మొత్తం 859. కాలిఫోర్నియా కనీస వేతనం గంటకు 16 డాలర్లు. దాదాపు 54 గంటల పని. వారానికి నలభై గంటలు చేసే మనిషి వారం పైన రెండు రోజులు కష్టపడాలి, తిండి ఖర్చు కలపకుండానే. అదే 104 డాలర్ల రోజున వెళితే 28 గంటలు. ఎనిమిది రైడ్‌ల బదులు ఎన్నైనా ఎక్కొచ్చు, నిజమే. అయితే అందులో సగం పొద్దు క్యూలోనే పోతుంది. క్యూ తప్పించుకోవడానికి 1999 నుంచి ఉచితంగా ఉన్న సౌకర్యం 2021 డిసెంబరులో డబ్బుల సరుకైంది.

ఈ లెక్క అందరికంటే బాగా తెలిసింది అక్కడ పనిచేసేవాళ్ళకే. 2018లో ఆక్సిడెంటల్ కాలేజీ, ఎకనామిక్ రౌండ్‌టేబుల్ పరిశోధకులు డిస్నీల్యాండ్ ఉద్యోగుల మీద చేసిన సర్వేలో, నాలుగింట మూడొంతుల మంది నెలవారీ కనీస ఖర్చులకు జీతం చాలడం లేదన్నారు. గత రెండేళ్ళలో ఏదో ఒక సమయంలో ఉండటానికి ఇల్లు లేక ఇబ్బంది పడ్డామన్నవాళ్ళు పదిమందిలో ఒకరు. కంపెనీ ఆ సర్వేను తప్పుపట్టింది. అదే ఏడాది అనహైమ్ ఓటర్లు నగర రాయితీలు పొందే సంస్థల్లో కనీస వేతనం పెంచాలని తీర్పిచ్చారు. 2024లో సమ్మె అంచుదాకా వెళ్ళాక పార్కు కార్మికుల కనీస వేతనం గంటకు 24 డాలర్లకు ఒప్పుకున్నారు.

ఊరి వాటా ఇంకోటుంది. 1990ల చివర్లో అనహైమ్ నగరం 51 కోట్ల డాలర్ల బాండ్లు తెచ్చి రోడ్లు, కన్వెన్షన్ సెంటరుతో పాటు పదివేల కార్లు పట్టే పార్కింగ్ భవనం కట్టించింది. దాన్ని డిస్నీకి ఏడాదికి 1 డాలరు లీజుకిచ్చింది. పార్కింగ్ వసూళ్ళు కంపెనీవే. హోటళ్ళ పన్ను రూపంలో తిరిగి వస్తోందని నగరం సమర్థించుకుంటుంది. ఆ పన్ను అనహైమ్ ఖజానాకు ప్రధాన ఆదాయం కూడా. అయినా, తన ఊరి బాండ్లతో కట్టిన చోట బండి నిలపడానికి 2024లో ఊరివాడు 35 డాలర్లు కట్టాల్సి వచ్చిందన్నది మిగిలిన మాట.

రాయితీ ఎవరికి?

స్థానికులకు రాయితీలు లేవా అంటే ఉన్నాయి. 2025 మొదట్లో కాలిఫోర్నియా వాసులకు మూడు రోజుల టికెట్టు రోజుకు 67 డాలర్లు పడేలా ఇచ్చారు. ఆ ధరకైతే సోమవారం నుంచి గురువారం లోపే వెళ్ళాలి. జనవరి, ఫిబ్రవరి లాంటి పలచని నెలల్లో ఇలాంటివి వస్తుంటాయి. టూరిస్టులు రాని రోజుల్లో ఖాళీలు పూడ్చడానికి ఊళ్ళోవాళ్ళు కావాలి. రద్దీ రోజున వాళ్ళే బరువు.

కాలిఫోర్నియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇది అనుభవమే. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు, పిల్లలకు సెలవులు, టికెట్టు ధర పై మెట్టున ఉంటుంది. చిరునామా రుజువు చూపాల్సిన స్థానిక రాయితీ విజయవాడ నుంచి వచ్చిన తాతయ్యకు వర్తించదు. హైదరాబాద్ వాళ్ళకూ ఇది కొత్తేం కాదు. 2016లో రావిర్యాలలో తెరిచిన వండర్‌లాలోనూ మామూలు రోజుకో రేటు, వారాంతానికో రేటు.

కాబట్టి తీర్పు ఇదీ. వారం మధ్యలో తీరిక దొరికే స్థానికుడికి డిస్నీల్యాండ్ ఇప్పటికీ అందుతుంది, కొన్ని లెక్కల్లో చవగ్గానే. శనాదివారాలు తప్ప సెలవు ఎరగని కార్మిక కుటుంబానికి అందదు. పార్కు వాళ్ళ ఊళ్ళోనే ఉన్నా, వాళ్ళలో చాలామంది అందులోనే పనిచేస్తున్నా అంతే. నిజంగా ఊరివాళ్ళ కోసం అనిపించుకోవాలంటే ఏ పార్కయినా చేయాల్సింది ఒకటుంది. స్థానికుల రాయితీని ఏడాదిలో కొన్ని ఆదివారాలకైనా వర్తింపజేయాలి. అలాంటి పార్కులకు భూములూ, రోడ్లూ, పన్ను మినహాయింపులూ ఇచ్చే మన ప్రభుత్వాలు ఆ షరతును ఒప్పందం కాగితం మీదే రాయించుకోవాలి.